చివరి పేజీ చోట తెల్ల కాగితం

పాత బొమ్మల కథల పుస్తకాలు పోగేసేవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో నేనూ ఉన్నాను. పెన్షన్ తీసుకునే టీచరమ్మకు ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఈ మధ్య నా దగ్గరున్న ఒక పుస్తకం ఫోటోలు అందులో పెట్టాను. అట్ట మీద గుర్రమెక్కిన రాజకుమార్తె, చేతిలో కత్తి, వెనకాల కోట. అట్టను చూసి అందరూ ఆహా ఓహో అన్నారు. చివరి పేజీ ఫోటో దగ్గరకు వచ్చేసరికి ఆ మెచ్చుకోళ్ళు ఆగిపోయాయి. అక్కడ అచ్చు పేజీ లేదు, దారంతో కుట్టిన తెల్ల కాగితం ఉంది. "డ్యామేజీ" అని ఒకాయన తీర్పు చెప్పేశాడు. మర్నాడు హైదరాబాదు నుంచి ఇంకొకాయన ఫోన్ చేశాడు. తన దగ్గర అదే పుస్తకం అట్ట ఊడిపోయి ఉందట, చివరి పేజీ మాత్రం చెక్కుచెదరలేదట. "మేడమ్, మీ కుట్టు విప్పేసి నా పేజీ పెడితే పుస్తకం పూర్తవుతుంది. అది నాకివ్వండి, మీరు వెతుకుతున్న పుస్తకాలన్నీ మీకిస్తాను" అన్నాడు. ఆదివారం ఆత్మకూరు బస్టాండుకు రమ్మన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. ఆ కాగితం కుట్టింది మా అత్త.

అత్త అంటే మా నాయన చెల్లెలు. ఉదయగిరిలో బడి పంతులమ్మ, చర్చిలో సండే స్కూలు నడిపేది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని ఆమె ముఖం మీద అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో శనివారం శనివారం నన్ను చూడ్డానికని బస్సు దిగేది. మణుగుబూల డబ్బా, అదే జంతికల డబ్బా, నా చేతిలో పెట్టి "బాగుండావా" అనేదే గానీ, జవాబు వినే ఓపిక కూడా ఉండేది కాదు. ఆమె చూపంతా బస్టాండు ఎదురుగా ఉన్న శెట్టిగారి అంగడి మీదే. ఆయన సరుకుల వ్యాపారి. పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు మూటలు మూటలుగా కొనేవాడు, వాటిలో బొమ్మల కథల పుస్తకాలు వచ్చేవి. మిరపకాయలు తూచే మనిషికి ఆ పుస్తకాలంటే ప్రాణం. గుమస్తా చెయ్యి పడేలోపల వాటిని ఏరి గల్లాపెట్టె కింద దాచేవాడు. అన్నిసార్లూ ఆ అదృష్టం దక్కేది కాదు. ఎంతమంది రాక్షసులు జీలకర్ర పొట్లాలై వింజమూరు వంటిళ్ళకు చేరారో దేవుడికే తెలియాలి. దక్కిన పుస్తకాలను ఇప్పుడు తెరిచినా ఇంగువ వాసన వస్తుంది.

వాళ్ళిద్దరి మధ్య మార్పిడికి ఒక పద్ధతి ఉండేది. పుస్తకానికి పుస్తకమే, డబ్బు మాట రాకూడదు. పేజీ పోయిన పుస్తకమైతే ఇచ్చేవాళ్ళు ఆ పేజీని అక్కడే కూర్చుని నోటితో చెప్పాలి. చదివి ఉంటే చదివింది, లేకుంటే తమకు తోచింది. ఒకసారి చెప్పాక అదే ఆ పుస్తకం పేజీ, ఇక ఎవరు ఎవరికి ఇచ్చినా అట్లాగే చెప్పాలి. అత్త ఇంటికెళ్ళి దాని స్థానంలో ఒక తెల్ల కాగితం కుట్టేది. దాని మీద ఏమీ రాసేది కాదు. ఇదంతా బస్టాండు బెంచీ మీద, ఎ.ఎస్. పేట దర్గాకు పోయే జనం మధ్యలో జరిగేది. అంగట్లో కూర్చోవచ్చు కదా అని నేనంటే, "చాటుగా చేస్తే కదా తప్పు. అందరి ముందర చేస్తే ఏంది తప్పు?" అని కసిరింది.

అందరి ముందర చేసినా మాటలు ఆగలేదు. గుర్రం బొమ్మ పుస్తకం చేతులు మారిన శనివారం మా చర్చి సంఘ పెద్ద ఉదయగిరి నుంచి అదే బస్సులో వెనక సీట్లో కూర్చుని వచ్చాడని మాకెవరికీ తెలియదు. ఆయన అత్తకు వరసకు చిన్నాయన. ఆ వేళకు శెట్టిగారు దొంగ దొరికిపోయినట్టు తల గోక్కుంటూ, "చివరి పేజీ పొట్లమైపోయినాది టీచరమ్మా. నేనూ చదవలా. నాకేమీ తోచడంలా, నువ్వే చెప్పు" అంటున్నాడు. కోట గుమ్మం ముందు కూతురు గుర్రం మీద ఉంది, తండ్రి రాజు "కత్తి ఇచ్చి గుర్రం దిగు" అని చెయ్యి చాపి నిలబడ్డాడు. అక్కడితో పుస్తకం తెగిపోయింది.

పెద్దాయన వచ్చి మా ముందు నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది? పిల్లలకి వాక్యం చెప్పే నోరు నీది. పరాయి మగాయనతో బెంచీ మీద కూర్చోని రాక్షసుల పుస్తకాలు మార్చుకుంటావా? ఊరంతా చెప్పుకుంటా ఉండారు. అవన్నీ ఇట్లా ఇయ్యి, ఇంక ఈ పక్కకి రానని చెప్పు. లేదంటే రేపటి నుంచి సండే స్కూలు నీది కాదు" అని చెయ్యి చాపాడు. అత్త ఒళ్ళో బొమ్మలో రాజు కూడా అట్లాగే చెయ్యి చాపి ఉన్నాడు. ఆ సండే స్కూలంటే ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"కూర్చో చిన్నాయనా. పేజీ ఒకటి చెప్పాల్సి ఉండాది, చెప్పినాక మాట్లాడుకుందాం" అంది అత్త. ఆయన కూర్చోలేదు. ఆమె శెట్టిగారి వైపు తిరిగింది. "వాళ్ళ నాయన చెయ్యి చాపినాడు. ఆ పిల్ల కత్తి ఇవ్వలా. గుర్రం దిగలా. 'నీ కోట నువ్వే ఏలుకో నాయనా, నాకు దారుండాది' అనినాది. గుర్రాన్ని తిప్పుకోని పోయినాది. అంతే, అయిపోయినాది."

పెద్దాయన "సరే, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేనూ అత్తతో ఉదయగిరి వెళ్ళాను. మర్నాడే సండే స్కూలు వేరేవాళ్ళకు ఇచ్చారు. అత్త ఏడవగా నేను చూసింది అప్పుడొక్కసారే. కళ్ళు తుడుచుకుని ఆ తెల్ల కాగితం కుట్టింది. తర్వాతి ఆదివారం చర్చిలో పెద్దాయన కళ్ళెదురుగా ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడింది. శనివారాలు ఆమె ఆత్మకూరు బస్సు ఎప్పటిలాగే ఎక్కింది, చేతనైనన్నాళ్ళూ ఎక్కుతూనే ఉంది.

మొన్న ఆదివారం హైదరాబాదాయన వచ్చాడు. చేతులకు తెల్ల గ్లౌజులు తొడుక్కుని, ప్లాస్టిక్ కవరులోంచి ఆ పేజీ తీసి నా ముందు పెట్టాడు. చూడకూడదనుకున్నాను గానీ, ఇన్నేళ్ళ ఆశ, చూడకుండా ఉండలేకపోయాను. ఆ పిల్ల గుర్రం దిగింది. కత్తి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టింది. ఆఖరి బొమ్మలో తల వంచుకుని పెళ్ళిపీటల మీద కూర్చుంది. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి.

"ఇదే ఒరిజినల్ మేడమ్" అన్నాడాయన సంతోషంగా.

"అయ్యుండొచ్చు నాయనా. వాళ్ళు తప్పు అచ్చేసినారు" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. కుట్టు విప్పనని చెప్పాను. నేను ఏళ్ళ తరబడి వెతికిన పుస్తకాలు ఒక్కొక్కటే ఆయన సంచిలోకి తిరిగి వెళ్తుంటే ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు. కానీ ఇంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా పద్ధతి కాదు. "కూర్చో, అసలు పేజీ చెప్తాను" అని అత్త చెప్పినట్టే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పాను. వింటూ వింటూ ఆయన గ్లౌజులు తీసేశాడు. రాసుకోవచ్చా అని అడిగాడు. వద్దు, గుర్తు పెట్టుకోమన్నాను.

ఆయన బస్సు వెళ్ళాక కాసేపు అదే చోట కూర్చున్నాను. అత్త లేదు, శెట్టిగారూ లేరు. ఆ అంగట్లో ఇప్పుడు జీలకర్ర ప్లాస్టిక్ కవర్లలో అమ్ముతున్నారు. బెంచీ కూడా ఇనపది వేశారు. కాలం ఇన్నిటిని మార్చింది గానీ, ఆ పిల్లను మాత్రం ఇంతవరకూ గుర్రం దించలేకపోయింది.