అడ్డపోగుల బల్ల

మా వీధిలో పడవల మేస్త్రీ ఫైబర్‌గ్లాసు అనే గాజుపోగుల గుడ్డ పొరలు పరిచి, జిగురు పట్టించి, ముప్పై ఏళ్ళుగా పడవలు చేస్తున్నాడు. పక్కనే కూర్చుని జిగురు కలిపేది భార్య.

ఆదివారం ఆదివారం వచ్చే బావమరిదికి మాత్రం అదంతా చులకన. "గుడ్డకి జిగురు పూయడం కూడా ఒక విద్యేనా బావా?" అనేవాడు.

మేస్త్రీకి ఒళ్ళు మండింది. పోగు ఎటు సాగితే బలం అటే. అటు పోగు లేకపోతే మిగిలేది ఉత్త జిగురు. అందుకే వరండాలోకి చేసిన కొత్త బల్లకి పొడవునా ఒక్క పోగూ వెయ్యలేదు. అన్నీ అడ్డంగా పరిచి, నున్నగా రంగేశాడు. బావమరిది కూర్చోగానే నడుమ పుటుక్కుమనాలి!

బావమరిది రానే వచ్చాడు. భార్య గబుక్కున కుర్చీ లాగింది.

"నువ్విందులో కూర్చోరా తమ్ముడూ. కొత్త బల్ల మీద ఈయన కూర్చుంటారు."

కాదంటే గుట్టు బయటపడుతుంది. మేస్త్రీ కూర్చున్నట్టు నటిస్తూ, బరువంతా కాళ్ళ మీదే ఆపుకుని, గంటసేపు బావమరిది ఉపన్యాసం విన్నాడు. చివరికి కాళ్ళు వణికి బల్ల మీద ధబీమని కూలబడ్డాడు. బల్ల కిక్కురుమనలేదు.

తమ్ముడు వెళ్ళాక భార్య నవ్వింది.

"అడుగున పొడుగుపోగులు రెండు పొరలు మొన్ననే వేశాను. చెబుదామనే అనుకున్నా. మీరెంతసేపు ఓపుతారో చూద్దామని ఆగాను."