వాన దారి

తిరుపతిలోని ఒక గేముల ఆఫీసులో ధనంజయ పని కంప్యూటర్లో కొండలు చేయడం. బొమ్మలో తెలుపు పూసినచోట ఎత్తు, నలుపు పూసినచోట పల్లం. మానిటర్‌కు ముక్కు ఆనించి నాలుగేళ్లుగా పూస్తున్నా అతని కొండలు ఇడ్లీల్లా నున్నగానే వస్తాయి. మొన్న చేరిన మహిత కొండలను మాత్రం అందరూ లేచొచ్చి చూస్తారు. ఆమె టీకి వెళ్లగానే ఆమె ఫైలు తెరిచి తప్పులు వెతకడం అతనికి అలవాటైంది. ఈరోజు దొరికిపోయాడు.

“ఏం సూస్తా ఉండావన్నా?”

“కొండ నిండా ఈ గీతలెందుకు?”

“వాన నీళ్లు యాడ పారతాయో ముందు గీస్తానన్నా. మాది సేద్యం కదా. కొండ దానంతటదే వస్తాది.”

ధనంజయ తన సీటుకొచ్చాడు. కిటికీలో తిరుమల కొండ, ఒళ్లంతా వాన కోసిన చారలతో నిలబడి ఉంది. అదీ మహితే చేసిందన్నట్టు, విసురుగా కిటికీ తెర లాగేశాడు.