గుండ్ల మధ్య గొడుగు

అలిపిరి మెట్ల దగ్గర నన్ను జనం కొట్టకుండా వదిలేసిన రోజొకటి ఉంది. కొట్టవలసిన పనే చేశాను, అందులో సందేహం లేదు. ఆ ఘోరమంతా ఒక పెద్దమనిషి చేతిలోని గొడుగును నేల మీద పెట్టించడంతో మొదలైంది.

అవి యుద్ధం రోజులు. అలిపిరిలో మునస్వామన్న అని వీధి ఫోటోగ్రాఫరు ఉండేవాడు. స్టూడియో లేదు, పేరు రాసిన బోర్డు లేదు. మూడు కాళ్ల స్టాండు మీద చెక్కపెట్టె కెమెరా, దాని మీద నల్లగుడ్డ, వెనక ఆయన. భుజాల దాకా జుట్టు, గుండెల దాకా గడ్డం. చిత్తూరు నుంచీ పుత్తూరు నుంచీ వచ్చే యాత్రికులు "ఫోటో మునస్వామి యాడుండాడప్పా?" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కొండెక్కే ముందు ఫోటో దిగి, మరునాడు దిగొచ్చి తీసుకుపోవడం అక్కడి అలవాటు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మహా మేధావిని నేను. మీసం కత్తిరింపు మీద, క్రాపు మీద నాకున్న శ్రద్ధలో సగం పని మీద ఉండుంటే ఈ కథే ఉండేది కాదు.

మునస్వామన్నకు ఒక చాదస్తం ఉండేది. ఎవరొచ్చినా "చేతిలో మీదేదన్నా పట్టుకోండప్పా" అనేవాడు. గొడుగో, చెంబో, కర్రో, తాటాకు బుట్టో ఏదో ఒకటి పట్టుకుంటే గాని నల్లగుడ్డలో తల పెట్టేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. ఫోటోలో చెంబేమిటండీ? చూసేవాళ్లు నవ్వరూ?

ఒకరోజు పొద్దున్నే ఆయన, "ఒరే రాఘవులూ, మొక్కుబడి ఉండాది, కొండకు పోతా ఉండా. రేపు మధ్యాహ్నానికి దిగొస్తా. పెట్టె జాగర్త. కాగితం దొరకని కాలం, ఒక్కటి గూడా పాడుచేయగాకు. నీ చేతిలో ఎట్ల నడస్తాదో సూసి, నిన్ను ఉంచుకొనేదా ఇంటికి తరిమేదా తేలస్తా" అన్నాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, నా రాజ్యం మొదలైంది.

"గొడుగు కింద పెట్టండి."

"మునస్వామి ఎప్పుడూ పట్టుకోమంటాడే!" అన్నాడు పెద్దమనిషి.

"అది పాత పద్ధతి. పెట్టండి, పెట్టండి."

చెంబులు పోయాయి, బుట్టలు పోయాయి. అందరినీ ఉత్త చేతులతో, నిటారుగా, దొరల్లా నిలబెట్టాను. పుత్తూరు వైపు నుంచి మంగమ్మ అనే ఆమె భర్తతో వచ్చింది. ఆ భర్త గురవయ్యకు ఒత్తయిన ఉంగరాల జుట్టు.

"అన్నా, మా ఆయప్ప మిలిట్రీకి పోతా ఉండాడు. రేపు సాయంత్రం రేణిగుంటలో రైలు. జుట్టుతో ఉండే ఫోటో నాకొకటి కావల్ల. బాగా తియ్ అన్నా."

"నేను తీస్తే బాగుండక ఏమవుతుంది?" అన్నాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరునాడు ఫోటోలు బల్ల మీద పరిచి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. మెట్ల మీద నుంచి మొదటి గుంపు దిగింది. అందరూ గుండ్లే. వెనక మరో గుంపు. గుండ్లే. పసుపూ గంధమూ పూసి, ఎండలో తళతళలాడుతున్న గుండ్లు నా మీదికి దొర్లుకుంటూ వస్తున్నాయి. స్నానాలు చేసి అందరూ కొత్త పంచెలు కట్టారు. చొక్కా లేదు, జుట్టు లేదు, మీసం లేదు. నిన్నటి మనుషుల్లో ఒక్కడూ దిగి రాలేదు!

తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. కొండకెళితే గుండు కొట్టించుకుంటారని నాకు తెలియదా? తెలుసు. బుర్రకే తట్టలేదు.

"మీది ఏదో మీరే చూసుకోండి" అన్నాను తెలివిగా.

అద్దమైనా సరిగా చూసుకోని మనుషులు ఫోటోలో తమను తాము ఎలా పోల్చుకుంటారు? ఒకాయన ఉంగరాల జుట్టు ఫోటో చేతికెత్తుకుని, "అబ్బా! నా జుట్టు ఇంత బాగుండిందా! ఇది తెలిసుంటే స్వామికి సగమే ఇద్దునే!" అని మురిసిపోతూ జట్కా ఎక్కేశాడు. నేనూ మురిసిపోయాను.

చివరికి మంగమ్మ వచ్చింది. బల్ల మీద మిగిలింది ఒక్కటే ఫోటో, పిలకతో ఉన్న బోసినోటి తాతది.

"ఇదెవురన్నా?"

"మీ ఆయన... కాదా?"

"ఇంగ ఆయప్ప తిరిగొచ్చేది ఎప్పుడో, ఏమో! నేను దేన్ని సూసుకోని ఉండల్ల?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. పక్కన గురవయ్య గుండు తడుముకుంటూ నిలబడ్డాడు. అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది.

అదే సమయంలో ఒక లావుపాటి గుండు వెనక నుంచి వచ్చి నేరుగా కెమెరా పెట్టెలో చెయ్యి పెట్టింది.

"దొంగ! దొంగ!" అని ఎగిరి వాడి మెడ పట్టుకున్నాను. ఏడుస్తున్న మంగమ్మతో సహా జనమంతా మూగారు. "కొట్టండప్పా!" అని నేనే అరిచాను.

"నన్నేరా కొట్టమంటావు, రాఘవులూ?"

గొంతు మునస్వామన్నది. ఆ గొంతు ఆ గుండులోంచి ఎలా వస్తోందో అర్థం కాక, మెడ వదలకుండానే చుట్టూ చూశాను. జనం నన్ను కొట్టకపోవడానికి కారణం, వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతూ ఉండడమే.

సంగతి విని ఆయన, "నల్లబొమ్మలు యాడ పారేసినావు?" అన్నాడు. ముందు కాగితం మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తిరగబడ్డ బొమ్మ వస్తుంది, దానికి మళ్లీ ఫోటో తీస్తే అసలు బొమ్మ. ఆ తిరగబడ్డవి పారేయడం నా పని. బద్ధకంతో పారేయకుండా ఒక డబ్బాలో పడేశాను. నా జన్మలో పనికొచ్చిన గుణం అదొక్కటే.

డబ్బా బోర్లించాం. నల్ల ముఖాలు, తెల్ల జుట్లు! "అయ్యో, అందర్నీ ముసలోళ్లను చేసినాడే!" అని మంగమ్మ బెదిరిపోయింది. ఒకదాని దగ్గర ఆగింది.

"ఇదే. సొక్కాకు రొండో గుండీ లేదు సూడన్నా. ఊరిడిసేలోగా కుట్టల్లనుకొంటి."

మిగిలిన కాగితంలోంచి ఒకటి తీసి మునస్వామన్న మళ్లీ బొమ్మ దింపాడు. ఆమె తడి ఆరనైనా ఆరనివ్వకుండా దాన్ని పైట కింద దాచుకుని, భర్త చెయ్యి పట్టుకుని రేణిగుంట దారి పట్టింది.

"ఇప్పుడు తెలిసిందా చెంబెందుకో? జుట్టు కొండపైన ఉండిపోతాది, చెంబు కిందికొస్తాది" అన్నాడు మునస్వామన్న. తిరుపతిలో తర్వాత వెలిసిన ఫోటోవాళ్లంతా ఆయన్ను చూసే నేర్చుకున్నారు. మీ ఇంట్లో పాత ఫోటోలో తాతగారు కారణం లేకుండా చెంబు పట్టుకుని ఉంటే, నవ్వకండి.

"మరి నా పని?" అన్నాను భయంభయంగా.

"నువ్వూ పోయి గుండు కొట్టించుకోని రా. నేను గుర్తుపడితే ఉంటావు, ల్యాకపోతే ఇంటికే."

నా క్రాపు! ఏడుస్తూనే వెళ్లాను. మరునాడు గుండుతో, మండుటెండలో, రోజూ పనికి తెచ్చే నా గొడుగు మూసి గుండెకు హత్తుకుని దిగాను. ఆయన నా ముఖం వైపు చూడనే లేదు.

"గొడుగును గుర్తుపట్టినా. దాన్ని పట్టుకోనుండే వాడెవుడో నాకు తెల్దు. సరే, వాణ్ణి గూడా రమ్మను" అన్నాడు.

ఆ గొడుగు సాక్షిగా ప్రమాణం చేశాను. ఉత్త చేతుల మనిషికి ఈ జన్మలో ఫోటో తీయను. నా పెళ్లి ఫోటోలో కూడా ఒక చేతిలో పెళ్లికూతురి చెయ్యి, రెండో చేతిలో గొడుగు ఉంటాయి. ఏది ఎక్కువ గట్టిగా పట్టుకున్నావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.