నాకు సీపీఆర్ రాదన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. ఈరోజు మీకు చెప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే నయం.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాను. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎండాకాలం ఆదివారాలు మా తెలుగువాళ్ల టీమ్‌తో పార్కులో క్రికెట్ ఆడతాను. ప్రతి టీమ్‌లో ఒక్కరికైనా సీపీఆర్ వచ్చి ఉండాలని మా లీగ్ రూల్. గుండె ఆగిన మనిషి ఛాతీని అంబులెన్స్ వచ్చేదాకా రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ ఉండాలి, అంతే. ఎవరూ ముందుకు రాకపోతే నేనే వెళ్లి నేర్చుకున్నాను. కార్డు ఇచ్చారు. అదేదో డాక్టరు పట్టా అయినట్టు పర్సులో పెట్టుకు తిరిగేవాణ్ణి.

ఆ పార్కులో గడ్డి కోసే నల్లజాతి మనిషి ఒకాయన ఉండేవాడు. యాభై దాటి ఉంటాయి. మేము సిక్స్ కొడితే మిషన్ ఆపి మరీ చప్పట్లు కొట్టేవాడు. రెండు సీజన్లు చూశాం ఆయన్ని. పేరు అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన బౌండరీ దగ్గర కుప్పకూలాడు. అందరికంటే దగ్గర్లో ఉన్నది నేనే, పది అడుగుల దూరం. ముందు నాకేం తోచిందో తెలుసా? తాగి పడ్డాడనుకున్నాను. అంతసేపూ మా కళ్లముందు పని చేసుకుంటున్న మనిషి. ఏం చూసి అలా అనుకున్నాను? ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాను. ఈలోగా మా బౌలర్ శ్రీధర్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకన్నా. ఏమన్నా అయితే పోలీస్ రిపోర్ట్‌లో నీ పేరు పడుద్ది. వీసా స్టాంపింగ్‌కి వెళ్లాలి నువ్వు."

ఫోన్‌లో 911 ఆవిడ అడిగింది. "ఊపిరి తీసుకుంటున్నాడా? మీకు సీపీఆర్ వచ్చా?"

"రాదు," అన్నాను.

"పర్వాలేదు, నేను చెబుతాను. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చోండి."

"అంబులెన్స్ వస్తోంది కదా మేడమ్," అన్నాను.

అది వచ్చేదాకా నిలబడే ఉన్నాను. మరుసటి ఆదివారం మిషన్ మీద వేరే మనిషి. ఆయన పోయాడని చెప్పాడు.

వీసా భయం వల్లే అలా చేశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెళ్లాం పిల్లలున్నవాణ్ణి, ఆ మాత్రం భయం ఉండదా? బాగానే నమ్మాను. ఆరు వారాలు.

ఆ తర్వాత అదే గ్రౌండ్‌లో శ్రీధర్ మామగారు కుర్చీలోంచి జారిపోయారు. మ్యాచ్ చూద్దామని సరదాగా వచ్చిన పెద్దాయన. నేను పరుగెత్తాను. ఎవరైనా ఫోన్ చేయండని అరుస్తూనే మోకాళ్ల మీద పడి నొక్కడం మొదలుపెట్టాను. నా చేతుల కింద పక్కటెముక ఒకటి విరిగింది, అయినా ఆపలేదు. ఆయన బతికారు. ఉగాదికి మా తెలుగు సంఘంవాళ్లు నన్ను స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. శ్రీధర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

శ్రీధర్ మామగారు పడిపోయిన రోజు నాకు వీసా సంగతి ఎందుకు గుర్తు రాలేదు? స్టాంపింగ్ అప్పటికీ కాలేదు. పోలీసులు వచ్చారు, నా పేరు రాసుకున్నారు, ఏమీ కాలేదు. పోనీ, పెద్దాయన తాగి ఉంటారని ఒక్క క్షణమైనా తోచిందా? నేరం శ్రీధర్ మీదికి తోసేద్దామని కూడా చూశాను. కానీ ఫోన్‌లో రాదన్నది వాడు కాదు.

ఇక తిప్పి తిప్పి చెప్పను. ఆయన నల్లజాతి మనిషి కాబట్టి నేను ముట్టుకోలేదు.

నొక్కి ఉంటే బతికేవాడో లేదో తెలియదు. తెలియదు కదా అని నేను తప్పించుకోలేను. ఆయనవాళ్లెవరో వెతికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ పూట నాకు హాయిగా ఉంది. ఇన్నేళ్లూ అందరూ మెచ్చుకున్నది నన్ను కాదు. మీరు తిట్టుకుంటే మాత్రం నన్నే తిట్టుకుంటారు.