కిరణ్మయి రాసిన షరతు

మూడేళ్లుగా కిరణ్మయి కట్టిన ప్రతి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలోనూ, ఎవరు చేశారన్న చోట టీమ్ లీడ్ మధుసూదన్ పేరే ఉంటుంది. కాంట్రాక్టు వాళ్ల పేర్లు క్లయింటు కంట పడకూడదన్నది గచ్చిబౌలిలోని ఆ కంపెనీ ఆనవాయితీ. లాగిన్ కూడా ఆయనదే వాడాలి. కిరణ్మయి ఏనాడూ ఎందుకని అడగలేదు. ఏటా మార్చిలో ఆమె కాంట్రాక్టు పొడిగించేది ఆయనే మరి.

ఆమెది శేరిలింగంపల్లి. ఆస్పత్రుల్లో ఓపీ చీటీలు రాసే జావా వెబ్ అప్లికేషన్ ఒకటుంది. లినక్స్ సర్వర్ ఆగి లేచినా అది తనంతట తానే నడిచే సర్వీసుగా ఉండేలా ప్యాకేజీ కట్టడం ఆమె పని. ఇందులో ఒక మెలిక ఉంది. కొత్త వెర్షన్ ఎక్కాక, పాతది పోతూ పోతూ తన తొలగింపు స్క్రిప్టు నడిపిస్తుంది. అందులో ‘సర్వీసు ఆపు’ అని ఉంటే, అప్పుడే లేచిన కొత్తది కూలబడుతుంది. అందుకే, పూర్తిగా తీసేసేటప్పుడు మాత్రమే ఆపమని ఆమె ఒక షరతు రాసేది.

పోయిన వెర్షన్‌లో ఆ షరతును మధుసూదన్ చెరిపేశాడు. ఇంత చెత్త ఎందుకని, అదే టీమ్‌లో పనిచేసే నరేందర్, కృష్ణప్రియల ముందే చెరిపాడు. ఆ రోజు ఏమీ కాలేదు. ఈ తప్పు తర్వాతి వెర్షన్ ఎక్కినప్పుడే బయటపడుతుంది. తర్వాతిది కట్టింది కిరణ్మయి. సోమవారం పొద్దున పదకొండు ఆస్పత్రుల్లో ఓపీ నలభై నిమిషాలు ఆగింది. రోగులు లైన్లలో నిలబడిపోయారు.

మర్నాడు మధుసూదన్ ఒక కాగితం తెచ్చాడు. తన నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని ఆమె ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది.

“సంతకం పెట్టేయ్‌మ్మా. నేనుండా గదా, రెన్యువల్ సంగతి నేను చూసుకుంటా.”

“షరతు తీసేసింది మీరే కద సర్. ఆ వెర్షన్‌ల మీ పేరే ఉన్నది, జర తెరిచి చూడుండ్రి.”

ఆయన నవ్వాడు. “అన్నిట్లోనూ నా పేరే గదా ఉండేది. నువ్వు చేసిండేవాట్లో గూడా.”

అప్పటినుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. సీట్లో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తోచదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. తెల్లాపూర్ ఫ్లాట్లలో వంట చేసే తల్లి చంద్రమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: “సంతకం పెడితే రేపు ఇంకో ఆఫీసుల ఏమని చెప్తవ్ బిడ్డా?”

ఆమె సంతకం పెట్టలేదు. గురువారం పదింటికి హెచ్చార్ గదిలోకి రమ్మన్నారు. కళ్లారా చూసిన నరేందర్, కృష్ణప్రియ మాత్రం ఇద్దరూ తమ ఈఎమ్ఐల సంగతి చెప్పి తల దించుకుంటున్నారు.

వాళ్ల భయం నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను: ఆ ఇద్దరూ గురువారం ఆమె పక్కన కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాలి. ఇది చదువుతున్న మీ ఆఫీసులోనూ ఎవరి ముందో ఇలాంటి కాగితం పడుతుంది. వాళ్లను ఆ గదిలోకి ఒంటరిగా పంపకండి. లేచి వెంట వెళ్లండి.