ఆవు ఈనితే వచ్చే పండుగ

ఇది నేను ఇంతకుముందే ఎందుకు రాయలేదంటే, మొన్నటిదాకా నాకు రాయడం రాదు కాబట్టి. యాభై మూడేళ్ళు వేలిముద్రతోనే గడిపాను. చిన్నప్పుడు బడికి ఎందుకు పంపలేదంటే తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేదని మా అవ్వ చెప్పింది. వాడి వెనక పుట్టినవాళ్ళంతా నడక నేర్చేసరికి నాకు పెండ్లి కుదిరింది. ఆ తర్వాత ఎవరూ ఏ కారణమూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి నాకు అక్షరాలు వచ్చాయంటే అది మా ఇంట్లో పండుగ లేకపోవడం వల్లే.

మా అత్తగారి వంశానికి బతుకమ్మ లేదు. చేసుకునే స్తోమత లేక కాదు. ఉన్న పండుగ పోయింది. నేను కాపురానికి రాకముందు, మా ఆయన నాయనమ్మ, తొమ్మిది రోజుల ఆటలో ఆఖరిదైన సద్దుల బతుకమ్మ నాడు చనిపోయింది. ఎనభై దాటిన మనిషి. ఆట చూసి వచ్చి, పెరుగు సద్ది, నువ్వుల సద్ది కడుపునిండా తిని, గోడకు ఒరిగి అట్లాగే కన్ను మూసిందట. ఆమె అంత సుఖంగా పోయినందుకు శిక్ష మాకు పడింది. పండుగ నాడు ఇంట్లో చావు జరిగితే ఆ పండుగ ఆ వంశానికి ఉండదు. మళ్ళీ రావాలంటే అదే పండుగ నాడు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదా ఆవు ఈనాలి. అప్పటిదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు బతుకమ్మ పేర్చరు, ఆడేచోటికి పోరు.

అట్లాగని మా వాళ్ళు అన్ని పండుగలనూ ఇంత తేలికగా వదులుకునేవాళ్ళు కాదు. మా మామ దసరా నాడే పోయాడు, నా కళ్ళముందే. మా ఆయనకు ఒక అన్న ఉన్నాడు. నాకు బావ. దుబ్బాక దగ్గర సొంతూళ్ళోనే ఉంటాడు, వంశానికి పెద్ద. దినాలు కాకముందే ఆయన పంచాంగం తెప్పించి చదివించాడు. దశమి మధ్యాహ్నమే వెళ్ళిపోయిందనీ, నాయిన ప్రాణం పోయింది పొద్దుగూకేటప్పుడు కాబట్టి అది ఏకాదశి చావేననీ తేల్చాడు. దసరా దక్కింది. దాంతోపాటు యాట కూరా, సీసాలూ దక్కాయి.

"మరి నాయనమ్మ పోయిన్నాటి పంచాంగం ఎవలన్న సూసిన్రా?" అని నేను మా ఆయనను అడిగాను.

"ఆడోళ్ళ పండుగకు పంచాంగమెందుకే?" అన్నాడు.

పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, రాగానే నాకు జబ్బు మొదలయ్యేది. వానలు వెనకపడతాయి, తంగేడు పూస్తుంది, గట్ల మీద గునుగు తెల్లగా నిలబడుతుంది. సిద్దిపేటలో మా కాలనీ ఆడవాళ్ళంతా సంచులు పట్టుకుని పువ్వుకు పోతారు. నాకు అన్నం సయించదు. ఒంటిమీద ఎవరో తడి గోనెసంచి కప్పినట్టు ఉంటుంది. కొడవలి ఎక్కడ పెట్టానో మరిచిపోతాను. కూరలో ఉప్పు మరిచిపోయినా ఇంట్లో ఊరుకున్నారు గానీ, రెండుసార్లు వేసేసరికి దవాఖానకు తీసుకుపోయారు. అప్పటిదాకా మా అత్త దిష్టి అనేది, మా ఆయన గ్యాస్ అనేవాడు.

ప్రైవేటు దవాఖానలో కుర్ర డాక్టరు నా కండ్లు చూశాడు, నాలుక చూశాడు, ఏ నెలలో వస్తుందో అడిగాడు.

"దీన్ని సీజనల్ డిప్రెషన్ అంటరమ్మా. ఎండ తక్కువైతే వస్తది. చలిదేశాలల్ల శానమందికి ఉంటది. రోజు పొద్దుగాల ఇర్వై నిమిషాలు ఎండల నిలబడున్రి."

"సారూ, నేను పొద్దుగాల నుంచి పొద్దుగూకెదాక మక్కశేన్ల ఎండలనే ఉంట."

ఆయన కలం తీశాడు. "అయితే జర నీడపట్టున ఉండున్రి" అని గోలీలు రాశాడు.

గోలీలు మంచివే కావచ్చు. దసరా మరునాటికి జబ్బు తగ్గింది. గోలీలు వేసుకోని ఏడు కూడా దసరా మరునాటికే తగ్గింది.

బిడ్డ పుట్టే దారి కూడా ఒకసారి చూశాం. మా కోడలికి నెలలు నిండే రోజులు సరిగ్గా బతుకమ్మకే పడ్డాయి. ఎట్లాగూ ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ అనేసరికి, సద్దుల నాడే చేయమని అడుగుదామనుకున్నాం. ముందు బావకు ఫోను చేశాం.

"కోసి తీసిన పిల్ల లెక్కల రాదు" అన్నాడు బావ. "తనంతట తానే రావాలె."

మనవరాలు ఎవరి మాటా వినలేదు. ఐదు రోజులు ముందుగా, ఏ ఆపరేషనూ లేకుండా తనంతట తానే వచ్చింది. ఇంటికి వచ్చాక కోడలు నాతో అన్నది: "అత్తమ్మా, మీ పండుగ నాతోని కాదు గని, ఏదన్న ఆవును సూసుకోండి."

మా ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉంది. ఒంటరి మనిషి. దేవుణ్ణి నమ్మదు, ఏ పండుగా చేయదు. ఆ తొమ్మిది సాయంత్రాలూ వాడకట్టంతా ఆటకు పోతే, గడపల మీద మిగిలేది మేమిద్దరమే. నమ్మకం లేక ఆమె, నమ్మకం ఎక్కువై నేను. పండుగలన్నీ వట్టి హడావిడి అని ఆమె నాకు ఎన్నోసార్లు వివరించింది. అయితే సరిగ్గా ఆ తొమ్మిది రోజులే ఆమెకు నడుం నొప్పి వచ్చేది. ముఖం నల్లబడేది. పదోనాడు లేచి తిరిగేది. ఒక సాయంత్రం పాట మా వాడదాకా వినబడుతుంటే ఆమె పాదం నేలమీద తాళం వేయడం చూశాను.

"కాలు కదులుతుంది టీచరమ్మా."

"తిమ్మిరి పట్టిందే చెల్లె" అన్నది. నేను నవ్వేసరికి లేచి లోపలికి పోయి పలకా బలపం తెచ్చింది. "ఊకె కూసొని నా కాలు సూసుడు కన్న అక్షరాలు సూడు."

అట్లా మొదలైంది. తొమ్మిది సాయంత్రాలు నేర్పింది, ఏడాదంతా దిద్దించింది. మూడో బతుకమ్మకు నేను కూడబలుక్కుని చదవగలిగాను. తీరిక దొరికితే గానీ చదువు రాదంటారు. నాకు ఊరంతా తీరిక లేనప్పుడే చదువు వచ్చింది.

నా అంతట నేను మొదట చదివింది క్యాలెండరు. డిసెంబరులో ఎరువుల దుకాణం వాళ్ళు కొత్త ఏడుది ఇచ్చారు. గోడకు కొట్టి, పేజీలు తిప్పి, సద్దుల బతుకమ్మ ఏ తారీకో నేనే పట్టుకున్నాను. టీచరమ్మ కాగితం మీద తొమ్మిది నెలల పది రోజులు వెనక్కి లెక్క వేసింది. ఇంట్లో ఉన్న రెండు బర్రెలూ పనికిరావని బావ ముందే చెప్పాడు కాబట్టి, ఒక ఆవును తెచ్చాం. ఆవు చూలు కట్టడానికి పశువుల దవాఖాన నుంచి సూది వేసేటాయనను పిలిచాను. నేను ఫలానా తారీకు కావాలనగానే ఆయన నవ్వాడు.

"నీ క్యాలెండరు సూసి ఆవు ఎదకొస్తదా అమ్మా?"

రెండు రోజుల తేడాతో వచ్చింది. ఆయన ఆ తర్వాత నవ్వలేదు.

ఆ తొమ్మిది నెలలూ దానికి తవుడు, బెల్లం, పచ్చిగడ్డి నేనే పెట్టాను. దోమలకు పొగ వేశాను. మా ఆయనకు ఓర్వబుద్ధి కాలేదు.

"నన్నెన్నడన్న ఇట్ల అరుసుకున్నవా?"

"నువ్వెన్నడన్న ఈనినవా?"

ఆ ఏడు పెత్రమాసకు నాకు జబ్బు రాలేదు. అన్నం తిన్నాను, కూరలో ఉప్పు ఒక్కసారే వేశాను. అంతలో సద్దులు ఎప్పుడన్న తగువు మొదలైంది. మా గోడమీది క్యాలెండరులో ఒక రోజు ఉంటే, బావ గోడమీది బంగారం దుకాణం క్యాలెండరులో ఆ మరునాడు ఉంది. సద్దులు పడేది అష్టమి నాడు. ఆ అష్టమి ఒకనాటి మధ్యాహ్నం మొదలై రెండోనాటి మధ్యాహ్నం దాకా ఉంటుందట, దానిమీద అయ్యగార్లు టీవీల్లో రెండు జట్లయ్యారు. సిద్దిపేట ముందురోజు ఆడుకుంటానన్నది. బావ ఊరు రెండోరోజన్నది. పండుగ లేని మా ఇంట్లో ఎవరూ ఈ తగువును పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది మేమే.

సిద్దిపేటలో సద్దులనాడు పొద్దున్నుంచి ఆవు నిలబడదు, పడుకోదు. మధ్యాహ్నం దాటాక ఈనింది. పెయ్యదూడ. "ఈనింది!" అని మొదట అరిచింది దేవుణ్ణి నమ్మని టీచరమ్మే. గడియారం చూసి కాగితం మీద రాసింది: మూడు గంటల పది నిమిషాలు. నేను చేతులు కూడా కడుక్కోకుండా దూడను తుడుస్తున్నాను. వాడకట్టులో ఆడవాళ్ళు చీరలు కట్టుకుంటున్న వేళ. ఇంకా పొద్దుంది, పువ్వు దొరుకుతుంది అనుకున్నాను.

మా ఆయన తనంతట తాను ఒక నిర్ణయం తీసుకోగా నేను చూడలేదు. అన్నకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"అన్నా, ఆవు ఈనింది. గిప్పుడే."

"గిప్పుడంటె ఎట్లరా? సద్దులు రేపు గద!"

"సిద్దిపేటల ఇయ్యాల్నే అన్నా."

"మన వంశం సిద్దిపేటల పుట్టిందా, గీడ పుట్టిందా? గీడి లెక్కనే లెక్క. ఒక్క దినం ఆపకపోతిరి?"

"ఆవును ఎట్ల ఆపుతం అన్నా?" అని మా ఆయన నిజంగానే అడిగాడు.

ముప్పై అయిదేళ్ళలో నేను బావతో ఎదురు మాట్లాడలేదు. ఆరోజు ఫోను అందుకున్నాను.

"బావా, మామ పోయిన్నాడు ప్రాణం పోయిన గడియకు ఏ తిథి ఉందో సూపిచ్చినవు. గిప్పుడు గూడ గట్లనే సూడు. మూడు మీద పది నిమిషాలకు అష్టమి ఉందా, లేదా?"

బావ దగ్గాడు.

"అది మొగోళ్ళ పండుగ మరదలా. దాని లెక్క వేరు."

"ఎట్ల వేరు?"

"తొందరేంది? వచ్చే ఏడు పాలోళ్ళం, వంశపోళ్ళమంత కూసొని మాట్లాడుదాం. జున్నుపాలు మాత్రం పంపున్రి."

జున్నుకు ఏ తిథీ అడ్డం రాలేదు.

వచ్చే ఏడు అనే మాట నేను కాపురానికి వచ్చిన ఏడు నుంచీ వింటున్నాను. అప్పుడు నా మోకాళ్ళకు వినబడేది కాదు, ఇప్పుడు వినబడుతోంది. సాయంత్రం వాడకట్టంతా బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని కోమటిచెరువు దిక్కు పోయింది. తడి గోనెసంచి మళ్ళీ మీద పడింది. మా ఆయన నా పక్కన కూర్చుని, నిజంగా జాలితోనే, "బాధపడకు, ఎల్లుండి దసరా ఉండనే ఉంది గద" అన్నాడు. నేను లేచి ఆవుకు నీళ్ళు పెట్టడానికి పోయాను.

టీచరమ్మ కొట్టం దగ్గరే ఉంది.

"నడుం నొస్తుందా?" అని అడిగాను.

"లేదు. ఇయ్యాల కోపమొస్తుంది." దూడ మెడ గోకింది. "మీ బావ వాళ్ళ ఊర్లె సద్దులు రేపు అన్నడు గద?"

"అన్నడు."

"మన ఊరి లెక్కల నీ పండుగ ఇయ్యాల వచ్చినట్టే గద? రేపు గాడ ఆడేటందుకు ఇంకేం అడ్డం?"

నేను ఆమె ముఖం చూశాను. ఆమె దూడను చూస్తోంది.

మరునాడు తెల్లవారుజామునే లేచాను. మొదటి పాలతో జున్ను వండి గిన్నెకు గుడ్డ కట్టాను. పెట్టెలో మడత విప్పని చీర ఒకటుంది, రేషను దుకాణం దగ్గర బతుకమ్మ చీరలు పంచిననాడు నాకూ ఇచ్చారు. ప్రభుత్వానికి మా ఆయన నాయనమ్మ సంగతి తెలియదు. అది కట్టుకుని చెలకల గట్లకు పోయాను. టీచరమ్మ వెంట వచ్చింది. "నేను పువ్వు ముట్ట. వట్టిగ సంచి పట్టుకుంట, గంతే" అని ముందే చెప్పింది. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరసలు పేరుస్తుంటే చేతులు తడబడ్డాయి గానీ మరిచిపోలేదు. సగం అయ్యాక ఆమె ఉండబట్టలేక, "ఆ వరస వంకర పోతుందే" అని గునుగు తీసి తానే సరిచేసింది. ఆ తర్వాత రెండు వరసలు ఆమెవే.

మా ఆయన కండ్లు నలుపుకుంటూ వచ్చి చూశాడు.

"అన్నను అడిగినవా?"

"అడుగుతందుకే పోతున్న."

బస్టాండులో బోర్డు నేనే చదివి దుబ్బాక బస్సు ఎక్కాను. ఒళ్ళో బతుకమ్మ, కాళ్ళ దగ్గర జున్ను గిన్నె, పక్క సీట్లో టీచరమ్మ. కండక్టరమ్మ మా ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్లు కొట్టింది.

"ఈమెకు?" అని టీచరమ్మ బతుకమ్మను చూపించింది.

"ఆమె గూడ ఆడామెనే గద అమ్మా. ఫ్రీ" అన్నది కండక్టరమ్మ.

ఊళ్ళో దిగి నడిచాం. బావ అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. నన్ను చూశాడు, నా చేతుల్లో తాంబాళం చూశాడు, పుల్ల నోట్లోంచి తీశాడు.

"ఎవలనడిగి తెచ్చినవ్?"

"జున్ను గూడ తెచ్చిన బావా."

ఆయన ఏమనాలో తేల్చుకోకముందే లోపలినుంచి ఆయన భార్య, నా యారాలు బయటికి వచ్చింది. నాకన్న ఆరేళ్ళు ముందుగా ఈ ఇంటికి వచ్చింది, నాకన్న ఆరు బతుకమ్మలు ఎక్కువ పోగొట్టుకుంది. ఎన్నడూ ఒక్క మాట అనగా నేను వినలేదు. నిన్న అటువైపు కూడా ఫోనుకు స్పీకరు పెట్టి ఉంటారు. ఆమె చేతులు మణికట్ల దాకా పసుపుగా ఉన్నాయి, అరచేతిలో పసుపు గౌరమ్మ అప్పటికే తయారై ఉంది. నేను తాంబాళం వంచాను. ఆమె గౌరమ్మను నడుమ పెట్టింది.