కవరు తియ్యని ఫిల్టరు

మా ఇంట్లో కొత్త వస్తువు కవరు చింపితే అది పాతదైపోయినట్టే లెక్క. టీవీ రిమోటు ఇప్పటికీ ప్లాస్టిక్ తొడుగులోనే ఉంది. ఫ్రిజ్ తలుపు మీది పల్చటి ప్లాస్టిక్ పొర అంచులు లేచి నల్లబడినా నేను ఎవరినీ పీకనివ్వను.

నెల్లిమర్లలో మా అద్దె ఇల్లు రోడ్డు మీదే ఉంటుంది. లారీ వెళ్లిందంటే కిటికీ ఊచల మీద దుమ్మే. మా బాబుకి పిల్లికూతలు వస్తుంటే, డాక్టరు చెప్పారని గాలి శుభ్రం చేసే మిషను కొన్నాం. వెనక తలుపు తీసి చూస్తే లోపల ఫిల్టరు కవర్లో మెరిసిపోతోంది. మురికి పట్టకుండా వేశారు కాబోలు అనుకుని అలాగే మూసేశాను. దాంతో వచ్చిన పుస్తకం తెరవలేదు. టీచరుద్యోగం చేసేదాన్ని, నాకొకరు చెప్పేదేముంది!

గాలి బాగుంటే నీలం దీపం, లేకపోతే ఎర్ర దీపం. మా దానికి ఎప్పుడూ ఎరుపే. జాలీని బ్రష్షుతో దులిపాను. గోడకి దూరంగా జరిపాను. పక్కనున్న సెన్సారు కన్నాన్ని దూదిపుల్లతో తుడిచాను. ఆపి మళ్లీ వేశాను. మార్పు లేదు.

అప్పుడు నా చూపు మా మేనత్త మీద పడింది. నేను బడికి వెళ్తే బాబుని చూసుకోడానికి నరసన్నపేట దగ్గర పల్లెనుంచి వచ్చి మాతో ఉంటోంది. ఆవిడది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. పెరట్లోనే కాల్చేది, అయినా చీరకి వాసన ఉండేది.

"నీ సుట్ట వల్లే అత్తా" అన్నాను దీపం చూపించి.

ఆవిడ దీపాన్ని చూసింది, బాబుని చూసింది. "పిల్లడికి పడదంటే మానీనా ఏటి?" అంది.

పెళ్లికి ముందునుంచీ ఉన్న అలవాటు. ఆ రోజునుంచి వక్క నములుతూ, చేతులకి పని లేక ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. తలపోటని నుదుటికి గుడ్డ కట్టుకుని పడుకునేది. దీపం మాత్రం ఎర్రగానే ఉండేది.

ఒక సాయంత్రం బాబు బాగా ఆయాసపడుతుంటే నేను నోరు జారాను. "మానీసినానని సెప్పి సాటుగా కాల్తన్నావు కదా? మనిషి అబద్ధం ఆడతాది గానీ మిషను ఆడదు."

"ఈ బిడ్డ మీద ఒట్టే. ముట్టలేదు."

"పిల్లడి మీద ఒట్లు కూడానా!" అన్నాను.

మర్నాడు ఆవిడ చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కేసింది. నేను ఆపలేదు.

ఆవిడ వెళ్లాక కూడా దీపం ఎర్రగానే ఉంటే, అప్పుడు తీశాను పుస్తకం. మొదటి పేజీలోనే బొమ్మ వేసి ఉంది, వాడేముందు ఫిల్టరు కవరు తీసెయ్యాలని. వెనక తలుపు తీశాను. ఇంటి దుమ్మంతా పట్టుకోవాల్సిన ఫిల్టరు, కొన్నరోజు ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. కవరు చింపి పెడితే కాసేపటికి దీపం నీలంగా మారింది. మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

ఫోను చెయ్యడానికి ముఖం చెల్లలేదు. నంబరు నొక్కడం, ఆపెయ్యడం. చివరికి చేసి, ఏదీ దాచకుండా అంతా చెప్పాను. "తప్పు నాదే అత్తా. నువ్వు నిజంగానే మానీసినావు. వచ్చీ."

"పిల్లడికి ఎలాగున్నాది?"

"తగ్గింది."

"దీపం?"

"నీలం."

"మంచిదే" అంది. "నాను రాలేనే అమ్మీ. బస్సు దిగిన రోజే మళ్లీ ముట్టించీసినాను. మానీసినా నువ్వు నమ్మలేదు కదా, ఇంకెవల కోసం మానాలి అనిపించింది. ఇప్పుడు నానొస్తే ఆ దీపం నిజంగానే ఎర్రగా అయిపోతాది."